యూసీలో నేరుగా చేరాలా, కమ్యూనిటీ కాలేజీ మీదుగా వెళ్ళాలా? కాలిఫోర్నియా తెలుగు కుటుంబాలకు ఒక పోలిక

ఏప్రిల్ చివరి వారంలో కాలిఫోర్నియాలోని చాలా తెలుగు ఇళ్ళలో ఒకే చర్చ జరుగుతుంది. పన్నెండో తరగతి ముగించబోతున్న పిల్లల చేతిలో రెండు మూడు అడ్మిషన్ ఉత్తరాలుంటాయి. వాటిలో కోరుకున్న క్యాంపస్ ఉండదు, క్యాంపస్ ఉంటే కోరుకున్న మేజర్ (పట్టా తెచ్చుకునే ప్రధాన విషయం) ఉండదు, రెండూ కుదిరినచోట ఖర్చు అంకె చూసి నాన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు, అంటే అందరూ యూసీ అని పిలిచే సంస్థకు, మే 1వ తేదీలోగా చేరతామో లేదో చెప్పాలి. అప్పుడు ఎవరో ఒకరు గొంతు తగ్గించి, ‘పోనీ, కమ్యూనిటీ కాలేజీ సంగతి చూస్తే?’ అంటారు. అంటే మొదటి రెండేళ్ళు తక్కువ ఫీజుండే ప్రభుత్వ కాలేజీలో చదివి, మూడో సంవత్సరంలో యూసీకి మారడం.

నేను ఆ దారిలోనే వెళ్ళాను. తొమ్మిదో తరగతిలో గుంటూరు నుంచి బే ఏరియాకు వచ్చి, ఇక్కడే హైస్కూలు ముగించి, ఒక కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళు, ఆ తరువాత యూసీలో రెండేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. రెండేళ్ళలో ముగియవలసిన మొదటి భాగం మూడేళ్ళు ఎందుకు పట్టిందో కింద చెబుతాను, ఎందుకంటే ఈ రెండు దారుల మధ్య అసలైన తేడా నాకు అక్కడే అర్థమైంది. కమ్యూనిటీ కాలేజీలో డబ్బు మిగులుతుంది, మొదటి రెండేళ్ళ పాఠాలు చాలాచోట్ల యూనివర్సిటీలోకంటే శ్రద్ధగా చెబుతారు. కానీ యూనివర్సిటీ తన విద్యార్థికి చేసిపెట్టే ఏర్పాట్లన్నీ అక్కడ విద్యార్థి తానే చేసుకోవాలి. నా అనుభవంలో ఎంపికను నిర్ణయించవలసింది ఫీజు పట్టిక కాదు, ఆ ఏర్పాట్లు చూసుకునే ఓపిక పిల్లవాడికి ఉందా లేదా అన్నది.

అసలు ఈ కాలేజీలు ఎందుకున్నాయి

గొంతు తగ్గించడానికి కారణం మనందరికీ తెలిసిందే. ర్యాంకులతో పెరిగిన తరం మనది. మార్కుల పట్టిక అడగకుండా అందరినీ చేర్చుకునే కాలేజీ అంటే ఎక్కడా సీటు రానివారు చేరే చోటని అనుకుంటాం. నేను చేరిన వేసవిలో మా బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళితే, ఒక పెద్దమ్మ ప్రసాదం చేతిలో పెడుతూ ‘అయ్యో, బాగానే చదివేవాడివి కదరా’ అంది. ఆవిడ తప్పేమీ లేదు. ఈ వ్యవస్థను ఏ ఉద్దేశంతో కట్టారో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (మన ఇంటర్మీడియట్ కాలేజీ కాదు, కమ్యూనిటీ కాలేజీకే పాత పేరు) 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైంది. కాలిఫోర్నియా 1960లో తన మాస్టర్ ప్లాన్‌తో ఉన్నత విద్యను మూడు అంతస్తులుగా విభజించింది. హైస్కూలు ముగించినవారిలో పై 12.5 శాతం యూసీకి, పై మూడో వంతు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి, అంటే సీఎస్‌యూకి అర్హులు. కమ్యూనిటీ కాలేజీ తలుపులు మాత్రం అందరికీ తెరిచి ఉంటాయి, అక్కడ బాగా చదివినవారు మూడో సంవత్సరంలో పై అంతస్తులలోకి మారవచ్చు. ఈ రోజు రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. మన భాషలో చెప్పాలంటే, పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరడం ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎంత మామూలో, కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ మూడో సంవత్సరంలో చేరడం ఇక్కడ అంత మామూలు. పట్టా మీద కూడా యూసీ పేరే ఉంటుంది. తేడా ఒక్కటే: ఇక్కడ ఈసెట్ లాంటి ఒక్కరోజు పరీక్ష లేదు, రెండేళ్ళ మార్కులే పరీక్ష.

ఖర్చు

కాలిఫోర్నియా నివాసికి కమ్యూనిటీ కాలేజీ ఫీజు ఒక యూనిట్‌కు, అంటే చదువును లెక్కించే ఒక క్రెడిట్‌కు, 46 డాలర్లు. 2012 నుంచి ఇది మారలేదు. యూసీ మూడో సంవత్సరంలో చేరడానికి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి కనుక మొత్తం 2,760 డాలర్లు. డి ఆంజా, ఫుట్‌హిల్ వంటి క్వార్టర్ పద్ధతి (సెమిస్టర్‌కంటే చిన్న టర్ములు) కాలేజీలలో 90 క్వార్టర్ యూనిట్లు కావాలి, యూనిట్ ధర దాదాపు 31 డాలర్లు. లెక్క అక్కడికే వస్తుంది. మొదటిసారి కాలేజీలో చేరి పూర్తి స్థాయిలో చదివేవారికి చాలా కాలేజీలు మొదటి రెండేళ్ళ ఈ ఫీజును కూడా కాలేజ్ ప్రామిస్ పథకం కింద మాఫీ చేస్తాయి.

ఇటువైపు యూసీలో ఏడాది ట్యూషన్, ఫీజులు కలిపి రాష్ట్ర నివాసికి సుమారు 15 వేల డాలర్లు. కుటుంబాల నడుమును నిజంగా వంచేది అది కాదు. హాస్టల్ గది, భోజనం కలిపి ట్యూషన్‌ను మించిపోతాయి, పుస్తకాలు, ప్రయాణాలు, ఆరోగ్య బీమా చేరేసరికి ఏడాది ఖర్చు 40 వేలు దాటుతుంది. అంటే ఇంట్లో ఉండి కమ్యూనిటీ కాలేజీలో చదివిన రెండేళ్ళకు మిగిలేది ప్రధానంగా ట్యూషన్ కాదు, అద్దె. ఇంటి నుంచి వెళ్ళిరాగలిగిన దూరంలో యూసీ క్యాంపస్ ఉన్న కుటుంబానికి ఈ పొదుపు సగానికి సగం తగ్గిపోతుంది.

ఈ లెక్కను ఉన్నదున్నట్టు నమ్మకూడని సందర్భాలు మరో రెండున్నాయి. కుటుంబ ఆదాయం తక్కువగా ఉండి, విద్యార్థి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే, యూసీ సొంత బ్లూ అండ్ గోల్డ్ పథకం, రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్, ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ కలిసి యూసీ ట్యూషన్ మొత్తాన్ని భరించవచ్చు. అటువంటి ఇంట్లో ఉత్తరం మీది మొదటి అంకె చూసి భయపడి కమ్యూనిటీ కాలేజీకి మళ్ళడం పొరపాటు. సహాయం పోగా మిగిలే అంకెనే చూడాలి. రెండో సందర్భం నాది. ఒక ఏడాది ఆలస్యమైతే పోయేది ఒక ఏడాది ఫీజు కాదు, ఒక ఏడాది ఇంజనీరు జీతం. నేను ఆదా చేసిన దానిలో పెద్ద భాగం ఆ ఒక్క ఏడాది తినేసింది.

వీసా ఉన్న ఇళ్ళకు ఒక ప్రత్యేక లెక్క

తెలుగు కుటుంబాలలో చాలామంది పిల్లలు హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉంటారు. వారికి ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. తల్లిదండ్రుల జీతం, అప్పులు తప్ప వేరే ఆధారం ఉండదు. అందువల్ల కమ్యూనిటీ కాలేజీ వీరికి అందరికంటే ఎక్కువ ఆకర్షణీయంగా కనిపిస్తుంది. తల్లిదండ్రులు రాష్ట్రంలో స్థిరపడి ఉంటే హెచ్-4 విద్యార్థి ఫీజు విషయంలో రాష్ట్ర నివాసిగా లెక్కకు రావచ్చు కూడా.

అయితే 21 ఏళ్ళు నిండగానే హెచ్-4 ముగుస్తుంది, ఎక్కువమంది ఎఫ్-1 అనే విద్యార్థి వీసాలోకి మారతారు. ఎఫ్-1 విద్యార్థికి సాధారణంగా నివాసేతర ఫీజు, అంటే రాష్ట్ర నివాసి కానివారు అదనంగా కట్టే ఫీజు, వర్తిస్తుంది. యూసీలో అది మామూలు ట్యూషన్ మీద మరో 37 వేల డాలర్లకు పైన. నాతో కలిసి ట్రాన్స్‌ఫర్ అయిన ఒక మిత్రుడికి మూడో సంవత్సరం మధ్యలో 21 నిండాయి. మొదటి రెండేళ్ళలో ఆదా చేసినదంతా చివరి ఏడాదిన్నరలో పోయింది. (మా కుటుంబానికి అప్పటికే గ్రీన్‌కార్డులు రావడంతో నేను బయటపడ్డాను, అది నా తెలివి కాదు.) కాబట్టి హెచ్-4 మీద ఉన్న విద్యార్థి అన్నిటికంటే ముందు తన 21వ పుట్టినరోజు చదువులో ఏ సెమిస్టర్‌లో పడుతుందో కాగితం మీద రాసుకోవాలి. యూసీ సీటు చేతిలో ఉన్నప్పుడు, 21 లోపు వీలైనన్ని ఖరీదైన యూసీ సంవత్సరాలు పూర్తి చేసుకోవడమే కొన్నిసార్లు చవక. ఈ విషయంలో కాలేజీ రెసిడెన్సీ కార్యాలయంతోనూ వలస చట్టాల న్యాయవాదితోనూ మాట్లాడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా ఎఫ్-1 మీద కమ్యూనిటీ కాలేజీకి రావాలనుకునేవారికి 46 డాలర్ల ధర వర్తించదు. యూనిట్‌కు కొన్ని వందల డాలర్లు కట్టాలి, ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు తీసుకోవాలి, ఆపైన యూసీలో నివాసేతర ఫీజు ఎలాగూ ఉంటుంది. ఈ వ్యాసంలోని పొదుపు లెక్కలు వారికి పనికిరావు.

తరగతి గదిలో

నా కాలిక్యులస్ తరగతిలో 40 మందిమి ఉండేవాళ్ళం. ప్రొఫెసర్ స్వయంగా పేపర్లు దిద్దేవారు. దిద్దడానికి సహాయకులెవరూ లేరు. ఇంటిగ్రేషన్‌లో నేను స్థిరాంకం రాయడం మరిచిపోయిన ప్రతిచోటా ఎర్ర సిరాతో చిన్న ఉచ్చులాంటి గుర్తు పెట్టి, మూడో పరీక్షలో ఆ గుర్తుల పక్కన ‘ఇది అలవాటు, తెలియక కాదు’ అని రాశారు. ఆఫీసు గంటలలో వెళితే మార్కరు నా చేతికిచ్చి తాను కుర్చీలో కూర్చునేవారు. అందరూ ఆయనను పేరు పెట్టి పిలిచేవారు, నాకు మాత్రం నోరు రాలేదు. చివరిదాకా ప్రొఫెసర్ అనే పిలిచాను.

యూసీకి వెళ్ళాక అక్కడే మొదటి సంవత్సరంలో చేరిన మిత్రులను అడిగాను. అదే కాలిక్యులస్‌ను వాళ్ళు 300 మంది పట్టే హాలులో విన్నారు, సందేహాలు పీహెచ్‌డీ విద్యార్థుల దగ్గర తీర్చుకున్నారు, ప్రొఫెసర్‌తో ఏడాదిలో ఒక్కసారి కూడా మాట్లాడనివారున్నారు. యూసీ ప్రొఫెసర్ ఉద్యోగంలో పరిశోధనకు పెద్ద పీట; కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్ ఉద్యోగమే పాఠం చెప్పడం. మొదటి రెండేళ్ళ గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం వరకు నేను నా కాలేజీనే ఎంచుకుంటాను, దీనిలో నాకు సందేహం లేదు.

పక్కన కూర్చునేవారి సంగతి వేరు. సాయంత్రం సీ++ తరగతిలో నా కుడివైపు సైన్యం నుంచి తిరిగివచ్చిన ఒకతను, ఎడమవైపు నెల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చునేవారు. ఆవిడ పదేళ్ళ విరామం తరువాత మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే ప్రయత్నంలో ఉంది, కూతురిని ఈత తరగతిలో దింపి వచ్చేది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి, ఆవిడ తెచ్చిన జంతికలు పాయింటర్ల పాఠం అంతా నడిచేవి. వీరినుంచి నేర్చుకున్నది చాలా ఉంది. కానీ తరగతి ముగియగానే ఎవరి బండి వారిది. హాస్టల్ ఉన్న కమ్యూనిటీ కాలేజీలు చాలా తక్కువ కాబట్టి, 18 ఏళ్ళ వయసులో రాత్రి రెండింటి దాకా స్నేహితులతో లెక్కలు చేస్తూ కూర్చునే అనుభవం అక్కడ దొరకదు. పరిశోధన ప్రయోగశాలలు కూడా దాదాపు ఉండవు. ఇల్లు వదిలి వెళ్ళడమే పిల్లవాడికి అవసరమైన చదువు అని మీకు అనిపిస్తే, కమ్యూనిటీ కాలేజీ ఆ చదువు చెప్పలేదు.

ట్రాన్స్‌ఫర్ ప్రణాళిక: నా ఏడాది ఎక్కడ పోయింది

ఎక్కువ జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇదే.

యూసీలో నేరుగా చేరిన ఇంజనీరింగ్ విద్యార్థికి శాఖ వాళ్ళే ఏ క్వార్టర్‌లో ఏ సబ్జెక్టు తీసుకోవాలో పట్టిక ఇస్తారు. కమ్యూనిటీ కాలేజీలో ఆ పట్టిక విద్యార్థే తయారు చేసుకోవాలి, అదీ తాను ఇంకా చేరని యూనివర్సిటీ అవసరాలను బట్టి. మొదటి వారంలో నేను కలిసిన కౌన్సెలర్ మంచివాడే, కానీ ఆయన ఇంజనీరింగ్ విద్యార్థులను ప్రత్యేకంగా చూసేవాడు కాదు. ‘ముందు జనరల్ ఎడ్యుకేషన్ పూర్తి చెయ్యి, మేజర్ సబ్జెక్టులు తరువాత చూద్దాం’ అన్నాడు. జనరల్ ఎడ్యుకేషన్ అంటే ఏ మేజర్‌వారైనా చదవవలసిన సాధారణ సబ్జెక్టులు. చరిత్ర, మనస్తత్వశాస్త్రం, ఉపన్యాస కళ తీసుకున్నాను, అన్నిటిలో ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నాను. మా కాలేజీలో కాలిక్యులస్ ఆధారిత భౌతిక శాస్త్రం మూడు సెమిస్టర్ల వరుస, ఆ వరుసలో మొదటిది ఏడాదికి ఒకసారే మొదలయ్యేది. రెండో ఏడాది శరదృతువులో దాన్ని మొదలుపెడితే మూడోది ముగిసేది మూడో ఏడాది డిసెంబరులో. యూసీ ఇంజనీరింగ్ శాఖలు ప్రధానంగా చూసేది ఆ గణితం, భౌతిక శాస్త్రాల వరుసలనే. జనరల్ ఎడ్యుకేషన్‌లో కొంత మిగిలినా తరువాత పూర్తి చేసుకోవచ్చు. చరిత్ర, మనస్తత్వశాస్త్రం వంటి మేజర్లవారికి ఆ కౌన్సెలర్ సలహా సరైనదే. నాకు మాత్రం ఒక ఏడాది పోయింది.

ఇంజనీరింగ్, భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ ఎంచుకునేవారు వరుస సబ్జెక్టులను మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలి. ఏ కాలేజీ సబ్జెక్టు ఏ యూసీ, సీఎస్‌యూ సబ్జెక్టుకు సమానమో చెప్పే అధికారిక పట్టిక అసిస్ట్ అనే వెబ్‌సైటులో ఉంటుంది. మీ కాలేజీ పేరు, చేరదలచిన క్యాంపస్ పేరు, మేజర్ పేరు ఇస్తే, ఏ సబ్జెక్టులను ఒప్పుకుంటారో చెప్పే ఆ రెండు సంస్థల ఒప్పందం మొత్తం తెర మీదికి వస్తుంది. కనీసం మూడు క్యాంపస్‌ల ఒప్పందాలు అచ్చు తీసి పక్కపక్కన పెట్టుకోండి. ఒక క్యాంపస్ అడిగే లీనియర్ ఆల్జీబ్రాను మరొకటి డిఫరెన్షియల్ సమీకరణాలతో కలిపి అడగవచ్చు, ఒకటి అడిగే ప్రోగ్రామింగ్ భాషను మరొకటి ఒప్పుకోకపోవచ్చు. వరుస మధ్యలో కాలేజీ మార్చడం మరో ప్రమాదం. రసాయన శాస్త్రం మొదటి భాగం ఒక కాలేజీలో, రెండో భాగం వేసవిలో పక్క ఊరి కాలేజీలో చేస్తే, రెండు భాగాలూ ఒకేచోట చేయాలని ఒప్పందంలో ఉన్నప్పుడు ఆ రెండిటి విలువా సందేహంలో పడుతుంది.

జనరల్ ఎడ్యుకేషన్ వైపు పరిస్థితి ఇప్పుడు కొంత సులువైంది. అంతకుముందు యూసీకి ఒక పట్టిక, సీఎస్‌యూకి ఒక పట్టిక ఉండేవి. 2025 శరదృతువు నుంచి కొత్తగా చేరేవారికి రెండిటికీ కలిపి కాల్-గెట్సీ అనే ఒకే పట్టిక, 34 యూనిట్లు.

సీట్ల కోసం పోటీ మరో తలనొప్పి. రిజిస్ట్రేషన్‌లో కొత్త విద్యార్థులు సాధారణంగా చాలామంది పాతవారి వెనక ఉంటారు, కాబట్టి వాళ్ళ వంతు వచ్చేసరికి కాలిక్యులస్, కెమిస్ట్రీ తరగతులు నిండిపోతాయి, వెయిట్‌లిస్టు మిగులుతుంది. వెయిట్‌లిస్టులో ఉన్నవాడు మొదటి రోజు తప్పకుండా తరగతికి వెళ్ళాలి. నేను కెమిస్ట్రీకి అలాగే వెళ్ళాను. వెనక గోడకు ఆనుకొని పదకొండు మందిమి నిలబడ్డాం, ప్రొఫెసర్ హాజరు పిలిచి, రానివారి పేర్లు కొట్టేసి, ఖాళీలు లెక్కపెట్టి, చిన్న కాగితం ముక్కల మీద యాడ్ కోడ్‌లు (తరగతిలో చేరడానికి అనుమతి సంఖ్యలు) రాసి వెయిట్‌లిస్టు క్రమంలో పంచారు. నా వంతుకు ఒక్క కాగితం మిగిలింది. నా వెనక ఉన్న అమ్మాయి ఏమీ అనకుండా సంచి తీసుకొని వెళ్ళిపోయింది.

గ్రేడ్ల గురించి ఒక మాట. ‘సీ’ గ్రేడు వచ్చిన సబ్జెక్టును మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ చదవడం సాధారణంగా కుదరదు. డీ, ఎఫ్ వచ్చినవాటికే ఆ అవకాశం. అందుకని ఒక సబ్జెక్టు పట్టు తప్పుతోందని తెలిసినప్పుడు గడువులోగా విరమించుకోవడం, ‘సీ’తో సరిపెట్టుకోవడంకంటే మేలు కావచ్చు. అయితే మానుకున్న ప్రతి సబ్జెక్టు ప్రణాళికను మరో సెమిస్టర్ వెనక్కి నెడుతుంది.

సీటు దొరికే అవకాశం

ఈ విషయంలో కమ్యూనిటీ కాలేజీ దారికి నిజమైన బలం ఉంది. మూడో సంవత్సరంలోకి వచ్చేవారిని యూసీ హైస్కూలు మార్కులతో చూడదు. కాలేజీలో చదివిన సబ్జెక్టులు, గ్రేడ్లు, వ్యాసాలే చూస్తుంది, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు ఇతర ట్రాన్స్‌ఫర్ అభ్యర్థులకంటే ముందు స్థానం ఇస్తుంది. పదకొండో తరగతిలో ఒక చెడ్డ ఏడాది గడిపిన పిల్లవాడికి ఇది నిజంగా కొత్త పలక.

దీనికి తోడు ట్యాగ్ అనే ప్రవేశ హామీ ఒప్పందం ఉంది. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు నిర్ణీత సబ్జెక్టులు పూర్తి చేసి నిర్ణీత జీపీఏ (గ్రేడ్ల సగటు) తెచ్చుకున్నవారికి ముందుగానే సీటు హామీ ఇస్తాయి. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, చేరే ఏడాదికి ముందరి సెప్టెంబరు 1 నుంచి 30 లోగా పెట్టుకోవాలి, ఆపైన మామూలు యూసీ దరఖాస్తు కూడా విడిగా సమర్పించాలి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ ఒప్పందంలో లేవు. మేజర్ల విషయంలో కూడా కత్తిరింపులున్నాయి. ఉదాహరణకు శాంటా బార్బరా ఇంజనీరింగ్ కాలేజీకి ట్యాగ్ వర్తించదు, కంప్యూటర్ సైన్స్ అక్కడ ఆ కాలేజీలోనే ఉంది. మన పిల్లలలో ఎక్కువమంది కోరేది ఆ మేజర్‌నే కాబట్టి, ‘ట్యాగ్ ఉందిగా’ అన్న ధీమాతో కంప్యూటర్ సైన్స్ కోసం కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళేవారిని నేను గట్టిగా హెచ్చరిస్తాను. బర్కిలీ కంప్యూటర్ సైన్స్ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకొని, చేతిలో ఉన్న ఇర్వైన్ సీటునో డేవిస్ సీటునో వదిలి రావడం పందెం, అంతే.

మారిన తరువాత

యూసీలో నా మొదటి క్వార్టర్ కష్టంగా గడిచింది. మా కాలేజీది సెమిస్టర్ పద్ధతి, నేను చేరిన క్యాంపస్‌ది పది వారాల క్వార్టర్. థర్మోడైనమిక్స్‌లో సిలబస్ పేజీ తిప్పేలోగా నాలుగో వారంలో మిడ్‌టర్మ్ వచ్చింది. బర్కిలీ, మెర్సెడ్ తప్ప తక్కిన యూసీ క్యాంపస్‌లలో క్వార్టర్ పద్ధతే కాబట్టి, అక్కడికి వెళ్ళదలచినవారికి ఇంటికి సమాన దూరంలో క్వార్టర్ కాలేజీ, సెమిస్టర్ కాలేజీ రెండూ ఉంటే, ఈ వేగానికి ముందే అలవాటు పడేందుకు క్వార్టర్ కాలేజీని ఎంచుకోమంటాను. జీపీఏ కూడా యూసీలో మళ్ళీ మొదటినుంచి లెక్కిస్తారు. పాత ‘ఏ’ గ్రేడ్లు దానిలో కలవవు.

అంతకంటే బాధించినది అక్టోబరులో జరిగిన ఉద్యోగ మేళా. నేను క్యాంపస్‌లో లైబ్రరీ ఎక్కడుందో తెలుసుకుంటున్న రోజులవి. నాతో సమాన సంవత్సరంలో ఉన్నవారు రెండేళ్ళుగా రేస్ కారు బృందంలో పనిచేసి, ప్రొఫెసర్ ప్రయోగశాలలో ఒక వేసవి గడిపి, ఆ వివరాలన్నీ రెజ్యూమేలో రాసుకొని వచ్చారు. నా రెజ్యూమేలో గణితం ట్యూటరింగ్ సెంటర్ పని, మంచి జీపీఏ ఉన్నాయి. ఆ వేసవికి ఇంటర్న్‌షిప్ రాలేదు. కమ్యూనిటీ కాలేజీ దారి ఎంచుకునేవారు రెండో ఏడాదిలోనే చిన్నదో పెద్దదో చేతితో చేసిన పని ఒకటి, క్లబ్బు ప్రాజెక్టైనా వర్క్‌షాపు ఉద్యోగమైనా సరే, సంపాదించుకోవాలి.

సీఎస్‌యూ

మన చర్చల్లో ఇది అన్యాయంగా మరుగున పడుతుంది. 2025-26లో సీఎస్‌యూ ట్యూషన్ 6,450 డాలర్లు, క్యాంపస్ ఫీజులు అదనం; యూసీలో సగం అనుకోవచ్చు. శాన్ హోసే స్టేట్ వంటి చోట కోరుకున్న మేజర్‌లోనే సీటు వచ్చి, ఇంటినుంచి రైలులోనో బస్సులోనో వెళ్ళిరాగలిగితే, నా దృష్టిలో అది కమ్యూనిటీ కాలేజీకంటే మెరుగు, ఎందుకంటే మేజర్ మొదటి రోజే ఖాయమవుతుంది, మధ్యలో మారే ప్రయాస ఉండదు. కమ్యూనిటీ కాలేజీ నుంచి సీఎస్‌యూకి మారాలన్నా 2010 చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ ఉంది; అది వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటుకు హామీ ఇస్తుంది గాని మీరు కోరిన క్యాంపస్‌కే అని కాదు.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

మేజర్ ఏదో ఇంకా తెలియని పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో వెతుక్కోవచ్చని చాలామంది అంటారు. యూనిట్‌కు 46 డాలర్లతో నాలుగు శాస్త్రాలు రుచి చూడటం చవకే, కానీ అలా వెతుకుతూ రెండేళ్ళు గడిపితే ఏ మేజర్‌కూ సరిపోని 60 యూనిట్లు చేతిలో మిగులుతాయి. వెతకడానికి ఒక సెమిస్టర్ చాలు. మేజర్ స్పష్టంగా తెలిసి, తేదీలు, పట్టికలు, దరఖాస్తులు అమ్మానాన్న గుర్తు చేయకుండా చూసుకోగల విద్యార్థికి ఇది మంచి దారి. హైస్కూలులో మార్కులు దెబ్బతిన్నా ఇప్పుడు కుదుటపడినవారికి ఇంకా మంచి దారి. హోంవర్కు గడువు కూడా అమ్మ గుర్తు చేయవలసిన విద్యార్థికి, వచ్చిన యూసీ సీటు రెండో శ్రేణి క్యాంపస్‌దని మీకు అనిపించినా, అక్కడికే పంపడం మంచిది. అక్కడ హాస్టల్, సలహాదారు, శాఖ పట్టిక, తోటి విద్యార్థులు కలిసి అతన్ని లాక్కుపోతారు.

మా చెల్లెలి విషయంలో నేనే యూసీకి ఓటు వేశాను. దానికి జీవశాస్త్రంలో పరిశోధన మీద ఆసక్తి; మొదటి ఏడాదే ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పనికైనా చేరాలని దాని పట్టుదల. వచ్చిన క్యాంపస్ దాని జాబితాలో మూడోది. నాన్న నా ఫీజు రసీదులు బయటికి తీసి పక్కన పెట్టి చూశారు, ఏమీ అనలేదు. రెండో క్వార్టర్‌లో అది నిజంగానే గాజు సామాను కడిగే పనిలో చేరింది, నాలుగో క్వార్టర్‌కు పిపెట్ చేతికొచ్చింది.

చివరిగా తేదీల సంగతి. మే 1 దాటితే యూసీ సీటు పోతుంది, కమ్యూనిటీ కాలేజీ మాత్రం తరగతులు మొదలయ్యే దాకా ఎవరినీ కాదనదు. అందుకే చాలా కుటుంబాలు వేసవంతా నిదానంగా ఉండి ఆగస్టులో కదులుతాయి. అప్పటికి కాలిక్యులస్, భౌతిక శాస్త్రం, కెమిస్ట్రీ తరగతులు నిండి ఉంటాయి, మిగిలేవి చరిత్ర, మనస్తత్వశాస్త్రం, ఉపన్యాస కళ. దరఖాస్తు, ఓరియంటేషన్, విద్యా ప్రణాళిక మే నెలలోనే పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ తేదీ వచ్చిన రోజు తెల్లవారుజామునే కంప్యూటర్ ముందు కూర్చుంటే మొదటి సెమిస్టర్‌లోనే వరుస సబ్జెక్టులలో చోటు దొరికే అవకాశం ఎక్కువ.